వారసుల పట్టికలో వంశచరిత్ర

వంశజ్ఞానాన్ని ఇస్లాం నిరాకరించలేదు. దానిని గర్వకారణంగా చేసుకోవటాన్ని మాత్రమే నిరాకరించింది. బంధుత్వాలను నిలుపుకొనుటకు అవసరమైనంత మేరకు తమ వంశావళిని నేర్చుకోవలసిందిగా దైవప్రవక్త (స) బోధించినట్లు తిర్మిజీ హదీసు సంకలనంలో ఉన్నది. పెంపుడు బిడ్డలను వారి కన్నతండ్రుల పేర్లతోనే పిలవాలని దివ్యఖుర్ఆన్ అహ్‌జాబ్ సూరా ఆదేశిస్తున్నది. అనగా ఎవరు ఎవరి సంతానమో సరిగా తెలియటం ధర్మాచరణకే అవసరం. ఎవరు ఎవరికి వారసులు, ఎవరి మధ్య వివాహం నిషిద్ధం, ఏ అనాథ పోషణ ఏ బంధువు బాధ్యత అన్న ప్రశ్నలన్నీ దానిపైనే ఆధారపడి ఉన్నవి.

ఈ జ్ఞానానికి సాధారణంగా కుటుంబాలలో లభించే ఆధారం షజరా, అంటే వంశవృక్షం. షజరాకు గౌరవం ఉన్నది, ఉపయోగమూ ఉన్నది. అయితే చరిత్రకారుని దృష్టిలో దానికి రెండు లోపాలున్నవి. మొదటిది, అది పైకి ఎగబాకి ఎవరో ఒక ప్రసిద్ధ పురుషుని వద్ద ఆగాలని చూస్తుంది. ఆ మార్గంలో తరాలు కలిసిపోవటమో, కొత్త పేర్లు చేరటమో జరుగుతుంది. వంశమనేది చాలావరకు ఊహ మీద నిలిచే విషయమనీ, దానివలన కలిగే ఆత్మీయతా సహకారాలే దాని ప్రయోజనమనీ ఇబ్నె ఖల్దూన్ (మరణం 1406) ఏనాడో హెచ్చరించాడు. రెండవ లోపం ఇంకా పెద్దది. షజరాలో సగం కుటుంబం కనిపించదు. తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వరుసగా ఉంటవి. తల్లి, భార్య, కుమార్తె, సోదరి పేర్లు అరుదు.

ఈ లోపాలను సరిదిద్దగల ఆధారాలు రెండున్నవి. ఒకటి, మరణవార్తలను ప్రకటించిన గ్రంథాలు, పత్రికలు. రెండవది, మరణించినవారి ఆస్తిని లెక్కించి పంచిన కాగితాలు. మొదటిది ఎప్పుడు అన్న ప్రశ్నకు సమాధానం చెబుతుంది. రెండవది ఎవరెవరు అన్న ప్రశ్నకు సమాధానం చెబుతుంది. రెండింటినీ కలిపి చదివినప్పుడే కుటుంబం పూర్తిగా కనిపిస్తుంది.

వఫయాత్ నుండి వార్తాపత్రిక వరకు

మరణ తేదీని చరిత్రకు మూలస్తంభంగా ఎంచటం ముస్లిం పండితులకు పాత అలవాటు. హదీసు ఉల్లేఖకులలో ఎవరు ఎవరిని కలుసుకొని ఉండగలరో తేల్చటానికి వారికి జననమరణ సంవత్సరాలు కావలసి వచ్చినవి. ఇబ్నె ఖల్లికాన్ (మరణం 1282) తన ప్రసిద్ధ జీవితచరిత్రల కోశానికి పేరే 'వఫయాత్', అంటే మరణాలు, అని పెట్టుకున్నాడు. మరణ సంవత్సరం తెలిసినవారికే అందులో చోటివ్వాలని నియమం పెట్టుకున్నాడు. సఖావీ (మరణం 1497) తొమ్మిదవ హిజ్రీ శతాబ్దపు ప్రముఖులపై వ్రాసిన పన్నెండు సంపుటాలలో చివరి దానిని పూర్తిగా స్త్రీలకే కేటాయించాడు. అందులో వెయ్యిమందికి పైగా స్త్రీల వివరాలున్నవి. ఈజిప్టు చరిత్రకారుడు జబర్తీ (మరణం 1825) ఒక్కొక్క సంవత్సరపు సంఘటనలు ముగించిన పిమ్మట ఆ సంవత్సరం మరణించినవారిని గురించి వ్రాశాడు.

అచ్చుయంత్రం వచ్చిన తరువాత ఈ పని పత్రికల చేతికి వచ్చింది. కైరోలో 1828లో 'వఖాయె మిస్రియ్యా', ఇస్తాంబుల్‌లో 1831లో 'తఖ్వీమె వఖాయె' ప్రభుత్వ పత్రికలుగా వెలువడినవి. 1876లో అలెగ్జాండ్రియాలో తొలి సంచిక వెలువరించిన 'అల్ అహ్రామ్' మరణ ప్రకటనల పేజీ ఈజిప్టు కుటుంబాల చరిత్రకు పెద్ద గని వంటిది. మృతునికి ఎవరు కుమారులు, ఎవరు అల్లుళ్ళు, ఎవరు ఏ ఉద్యోగంలో ఉన్నారు, ఏ ఊరి ఏ కుటుంబంతో వియ్యమందారు అన్న విషయాలన్నీ అందులో దొరుకుతవి. మన దేశంలో ఆజంగఢ్ నుండి 1916లో మొదలైన 'మఆరిఫ్' మాసపత్రికలో 'వఫయాత్' శీర్షిక పండితుల, సంస్థాపకుల మరణాలను నమోదు చేసింది. ఆ పత్రికలో సయ్యద్ సులైమాన్ నద్వీ వ్రాసిన సంస్మరణలు తరువాత ఒక గ్రంథంగానే వెలువడినవి.

కాని పత్రికకూ ఒక హద్దు ఉన్నది. ముషీరా ఈద్ అనే భాషాశాస్త్ర పరిశోధకురాలు ఈజిప్టు, ఇరాన్, అమెరికా పత్రికలలో 1938 నుండి 1988 వరకు వచ్చిన మరణ ప్రకటనలను పోల్చి 2002లో ఒక గ్రంథం ప్రచురించారు. ఈజిప్టు ప్రకటనలలో, విశేషించి తొలినాళ్ళలో, స్త్రీ మరణించినా ఆమె పేరు ప్రకటించకుండా ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని మాత్రమే వ్రాయటం ఆమె గమనించారు. అనగా ఇరవయ్యో శతాబ్దపు అచ్చుపేజీ కూడా షజరా చేసిన తప్పునే కొంతవరకు చేసింది. మర్యాద పేరుతో ఆమె పేరును దాచింది.

ఆ పేర్లు మరెక్కడ దొరుకుతవి? ఖాజీ పుస్తకంలో దొరుకుతవి.

తరకా పట్టిక

మరణించినవాడు విడిచివెళ్ళిన సొత్తును ధర్మశాస్త్ర పరిభాషలో తరకా అంటారు. దానిని ముట్టుకొనుటకు షరీఅత్ ఒక క్రమం విధించింది. ముందు ఖననపు ఖర్చులు, తరువాత అప్పులు, ఆ పిమ్మట మిగిలినదానిలో మూడవ వంతుకు మించకుండా వసీయత్, చివరకు వారసుల వాటాలు. ఈ నాలుగు మెట్లూ చరిత్రకారునికి నాలుగు ద్వారాలు.

అప్పుల జాబితాలో భార్యకు చెల్లించవలసిన మహర్ బాకీ ఉంటుంది. దానితో పాటు ఆమె పేరు, తరచుగా ఆమె తండ్రి పేరు కూడా ఉంటవి. వ్యాపారపు అప్పులను బట్టి మృతుడు ఎవరెవరితో లావాదేవీలు నడిపాడో తెలుస్తుంది. వసీయత్ భాగం మరొక రహస్యం చెబుతుంది. వారసులైనవారికి వసీయత్ చెల్లదు, ఇతర వారసులు అంగీకరిస్తే తప్ప. కనుక వసీయత్‌లో పేరున్న వ్యక్తి సాధారణంగా వారసుడు కానివాడై ఉంటాడు: పెంపుడు బిడ్డ, విముక్తి పొందిన బానిస, లేదా తండ్రి ముందే చనిపోయిన మనవడు. బ్రతికి ఉన్న కుమారుడుండగా చనిపోయిన కుమారుని బిడ్డలకు వాటా రాదు గనుక, వారసుల పట్టికలో లేని మనవళ్ళను వసీయత్‌లో వెదకాలి.

ఇక వారసుల వాటాలు. నిసా సూరా 11, 12, 176 వాక్యాలలో ఈ వాటాలు స్పష్టంగా నిర్ణయించబడినవి. కుమార్తెకు, భార్యకు, తల్లికి, సోదరికి వాటా ఉన్నది. వాటా ఇవ్వాలంటే పేరు వ్రాయాలి. షజరా వ్రాసినవాడు కుమార్తెను మరచిపోవచ్చు. లెక్క వేసే ఖాజీ మరచిపోతే లెక్క కుదరదు. ఈ ఒక్క కారణం చేత వేలాదిమంది సామాన్య స్త్రీల పేర్లు శతాబ్దాలు దాటి నిలిచినవి.

లెక్కనుండి కుటుంబం

తరకా పట్టికను చదవటానికి పాతలిపి, పాతభాష వచ్చినంత మాత్రాన చాలదు. ఫరాయిజ్ తెలిసి ఉండాలి. సజావందీ రచించిన 'సిరాజీ' అనే చిన్న గ్రంథాన్ని భారతదేశపు మదర్సాలలో తరతరాలుగా పాఠంగా చెబుతున్నారు. దాని ప్రాముఖ్యం గ్రహించే విలియం జోన్స్ 1792లో కలకత్తాలో దానిని ఇంగ్లీషులో ప్రకటించాడు. ఆ పాఠం విద్యార్థికి పరీక్షతో ముగిసేది కాదు, పాత కాగితాల తాళం తీసే చెవి కూడా అదే.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యక్తి భార్యను, తల్లిని, ఒక కుమారుని, ఇద్దరు కుమార్తెలను విడిచి మరణించాడనుకుందాం. ఆస్తిని 96 పాళ్ళు చేస్తే భార్యకు ఎనిమిదవ వంతు 12, తల్లికి ఆరవ వంతు 16 పోగా 68 మిగులుతవి. కుమారునికి 34, కుమార్తెలకు చెరి 17. ఇప్పుడు కాగితం చిరిగి పేర్లు పోయి, అంకెలు మాత్రమే మిగిలినవనుకుందాం. 96లో 12, 16, 34, 17, 17 అన్న అయిదు అంకెలను చూచి ఫరాయిజ్ తెలిసినవాడు ఆ కుటుంబాన్ని దాదాపు తిరిగి నిర్మించగలడు.

ఇదే విధంగా భార్యకు నాలుగవ వంతు వచ్చినదంటే మృతునికి సంతానం లేదని అర్థం. ఎనిమిదవ వంతు ఇద్దరికి సమానంగా పంచి ఉంటే ఇద్దరు భార్యలున్నారన్నమాట. సోదరుడు వారసుడుగా కనిపిస్తే మృతుని తండ్రి ముందే పోయాడనీ, కుమారుడు లేడనీ తెలుస్తుంది. భార్యకు తొమ్మిదవ వంతు అని వ్రాసి ఉంటే తెలియనివాడు గుమాస్తా పొరపాటనుకుంటాడు. భార్య, తల్లి, తండ్రి, ఇద్దరు కుమార్తెలు ఉన్నప్పుడు వాటాలు 24కు మించి 27 అవుతవనీ, అందువలన భార్య ఎనిమిదవ వంతు తొమ్మిదవ వంతుగా మారుతుందనీ హజ్రత్ అలీ (ర) మింబర్ మీదనుండే చెప్పినట్లు ప్రసిద్ధి గలదు. ఆ 'మింబరియ్యా' సమస్య తెలిసినవాడు ఆ తొమ్మిదవ వంతులో ఇద్దరు వృద్ధ తలిదండ్రులను చూడగలడు.

పంపకం జరుగకముందే వారసులలో ఒకరు మరణిస్తే వచ్చే లెక్కను మునాసఖా అంటారు. విద్యార్థులు భయపడే అధ్యాయమిది. చరిత్రకారునికి ఇంతకంటె విలువైనది లేదు. ఒకే కాగితం మీద రెండు మూడు మరణాలు, రెండు మూడు తరాలు వరుసగా కనిపిస్తవి.

జెరూసలేం, ఎడిర్నే, డమాస్కస్

ఈ కాగితాలు ఎంతమేరకు మిగిలినవన్నదానికి కొన్ని నిదర్శనాలు. జెరూసలేంలో హరమ్ షరీఫ్ ప్రాంగణంలోని ఇస్లామిక్ మ్యూజియంలో 1974, 1976 సంవత్సరాలలో దాదాపు 900 పాత పత్రాలు బయటపడినవి. వాటిలో ఎక్కువ భాగం పద్నాలుగో శతాబ్దం ఉత్తరార్ధానికి, మమ్లూక్ సుల్తానుల కాలానికి చెందినవి. డొనాల్డ్ లిటిల్ 1984లో వాటి పట్టికను ప్రకటించారు. మరుసటి సంవత్సరమే హుదా లుత్ఫీ వాటి ఆధారంగా ఆ నగరపు సాంఘిక చరిత్రను వ్రాశారు. వాటిలో పెద్ద భాగం వ్యక్తుల ఆస్తి జాబితాలే. జబ్బుపడినవారి వద్దకు, మరణించినవారి ఇంటికి సాక్షులు వెళ్ళి దుస్తులు, పాత్రలు, పరుపులు, నాణేలు లెక్కించి, వారసులెవరో, ఎక్కడున్నారో వ్రాసుకున్నారు. దూరదేశాలనుండి వచ్చి అక్కడ ఒంటరిగా కన్నుమూసిన యాత్రికులు, వారిలో స్త్రీలు కూడా, ఆ కాగితాలలో ఉన్నారు. ఏ చరిత్ర గ్రంథమూ వారిని పేర్కొనదు.

ఉస్మానీ రాజ్యంలో ఈ పని ఒక వ్యవస్థగా స్థిరపడినది. ఆస్తి పంచే అధికారిని ఖస్సామ్ అనేవారు. పంపకానికి రుసుము తీసుకునేవారు. బుర్సా నగరపు రిజిష్టర్లు పదిహేనవ శతాబ్దంనుండి ఉన్నవి. ఎడిర్నే నగరంలో 1545 నుండి 1659 వరకు ప్రభుత్వోద్యోగ వర్గపు ఆస్తి రిజిష్టర్లను ఉమర్ లుత్ఫీ బర్కాన్ 1966లో ప్రకటించారు. డమాస్కస్‌లో 1700 ప్రాంతపు తరకా పట్టికలను ఆధారం చేసుకొని కొలెట్ ఎస్తాబ్లే, జాన్ పాల్ పాస్కల్ అనే ఫ్రెంచి చరిత్రకారులు 450 కుటుంబాల స్థితిగతులను వివరిస్తూ 1994లో గ్రంథం వెలువరించారు. కైరో న్యాయస్థానపు రికార్డులనుండి 1600 ప్రాంతపు వర్తక ప్రముఖుడు ఇస్మాయీల్ అబూ తాఖియ్యా జీవితాన్ని, ఆయన కుటుంబాన్ని నెల్లీ హన్నా 1998లో పునర్నిర్మించారు.

ఈ రికార్డులు హక్కును మాత్రమే కాదు, హక్కును తప్పించిన మార్గాలను కూడా చూపుతవి. బిషారా దుమానీ 2017లో ప్రచురించిన గ్రంథంలో 1660-1860 మధ్య నాబ్లుస్, ట్రిపోలీ (లెబనాన్) పట్టణాల కుటుంబ వఖ్ఫులను పోల్చారు. ట్రిపోలీలో కుమార్తెలను, వారి సంతానాన్ని కూడా లబ్ధిదారులుగా చేర్చటం సాధారణం. నాబ్లుస్‌లో వారిని మినహాయించే ధోరణి బలంగా కనిపించింది. రెండు పట్టణాలలోనూ షరీఅత్ ఒకటే. తేడా ఆ ఊళ్ళ ఆస్తులలో, ఆచారాలలో, కుటుంబ ప్రయోజనాలలో ఉన్నది.

తెలుగునాట ఎక్కడ వెదకాలి?

భారతదేశంలో ఈ గొలుసు మధ్యలో తెగినది. 1864 నాటి చట్టంతో న్యాయస్థానాలలో ముఫ్తీల, ఖాజీల ప్రభుత్వ పదవులు రద్దయినవి. 1880 ఖాజీల చట్టం ఖాజీ నియామకానికి వీలు కల్పించినా అతనికి న్యాయాధికారం ఇవ్వలేదు. 1925 భారత వారసత్వ చట్టం ముస్లింల వీలునామాలకు ప్రొబేటును తప్పనిసరి చేయలేదు. అందుచేత ఇంగ్లండులోవలె ప్రొబేటు రిజిష్టర్లను తిరగేస్తే ముస్లిం కుటుంబం దొరకదు. అదే సమాచారం వేరువేరు చోట్ల చెల్లాచెదరుగా ఉన్నది.

జిల్లా కోర్టులలో వారసత్వ ధ్రువపత్రాల ఫైళ్ళు, భాగపరిష్కార దావాలు మొదటి చోటు. దావా పత్రానికి వంశవృక్షం జతచేసేవారు. దానిని ప్రతిపక్షం ప్రశ్నించేది గనుక షజరా కంటె అది నమ్మదగినది. అటువంటి తగవులు హైకోర్టుకు చేరితే 1876 నుండి వెలువడిన న్యాయనివేదికల సంపుటాలలో అచ్చయినవి. అవీ ఒక విధంగా పత్రికలే. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలలో హిబానామాలు, విభాగ దస్తావేజులు, హక్కు విడుదల పత్రాలు రెండవ చోటు. మద్రాసు రాజధానికి చెందిన ఆంధ్ర జిల్లాలకు 1860ల నాటి ఇనాము రిజిష్టర్లు మూడవ చోటు. మసీదు, దర్గా, ఖాజీ ఇనాములను మొదట ఎవరికిచ్చారో, నాటి అనుభవదారుకు వారితో సంబంధమేమిటో వాటిలో వ్రాశారు. హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు, ఇనాముల వారసత్వ విచారణ ఫైళ్ళు, నిజాం ప్రభుత్వ గెజెటు అయిన 'జరీదా', 1949లో మొదలైన 'సియాసత్' వంటి ఉర్దూ దినపత్రికల పాతసంచికలు ఇదేవిధంగా పనికివస్తవి.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు అవసరం. ఖాజీ, ఖతీబు వంటి సేవా ఇనాము పదవితో పాటు ఒకరినుండి ఒకరికి సంక్రమించేది. అందరికీ పంచే తరకా కాదు. కనుక ఇనాము రిజిష్టరులో కుమార్తె లేనంత మాత్రాన ఆ ఇంట కుమార్తెలు లేరనరాదు. రెండవది తేదీల సంగతి. హిజ్రీ 1300 అంటే 1882-83. నిజాం ప్రభుత్వపు ఫస్లీ 1300 అంటే 1890-91. కాగితం మీద 1300 అని మాత్రమే ఉంటే ఎనిమిదేళ్ళ తేడా వస్తుంది. ఆ ఎనిమిదేళ్ళలో తండ్రి మరణం కుమారుని మరణంగా పొరబడవచ్చు. పత్రికలో మరణవార్త దొరికితే ఈ సందేహం ఒక్కమాటలో తీరుతుంది. మూడవది, ఆస్తి లేనివాడు, తగవు లేని కుటుంబం కోర్టు కాగితానికి ఎక్కవు. రికార్డులో లేకపోవటం లోకంలో లేకపోవటం కాదు.

నాలుగవది మనసుకు సంబంధించిన జాగ్రత్త. తాతకు లేని బిరుదు మనవని కాగితంలో ఉండవచ్చు. ఘనమైన వంశం కోసం వెదకినవానికి నేతపనివాడో, దూది ఏకే నూర్‌బాషావాడో పూర్వీకుడుగా ఎదురుకావచ్చు. అది దాచవలసిన విషయం కాదు. కష్టార్జితం తిని, అప్పులు తీర్చి, మహర్ బాకీని వ్రాయించి పోయిన మగ్గపువాని తరకా పట్టిక ఏ నవాబు షజరాకూ తీసిపోదు.

వాటా, పేరు

1937 షరీఅత్ చట్టం స్త్రీల వారసత్వాన్ని ఆచారాలనుండి రక్షించటానికి వచ్చినది. అయితే వ్యవసాయ భూమిని దానినుండి మినహాయించారు. మద్రాసు రాష్ట్రంలో 1949 సవరణతో ఆ మినహాయింపు తొలగినది. కాబట్టి ఆంధ్ర జిల్లాల భూమి దస్తావేజులను చదివేవారు ఆ సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి. దానికి ముందు, తరువాత కాగితాలలో కుమార్తెల పేర్లు ఏ విధంగా కనిపిస్తున్నవో పోల్చి చూడవచ్చు.

హక్కు విడుదల పత్రాల విషయం మరింత ఆలోచించదగినది. తండ్రి పోయిన తరువాత అన్నదమ్ముల కోసం సోదరి తన వాటా వదులుకొని వ్రాసిచ్చే పత్రమది. ఆమె పేరు, తండ్రి పేరు, భర్త పేరు, వయస్సు, వేలిముద్ర అందులో ఉంటవి. చాలాసార్లు ఒక స్త్రీకి మిగిలే ఏకైక లిఖిత ఆధారం ఆమె తన హక్కును వదులుకొన్న కాగితమే కావటం బాధాకరం. అందులోని అంగీకారం మనసారా ఇచ్చినదో, పుట్టింటి రాకపోకలు తెగిపోతవన్న భయంతో ఇచ్చినదో కాగితం చెప్పదు. కాని ఆమెకు హక్కు ఉండినదని మాత్రం ఆ కాగితమే సాక్ష్యమిస్తుంది. లేని హక్కును వదులుకోమని ఎవరూ వ్రాయించుకోరు.

ఇండ్లలోని పాత పెట్టెలలో నికాహ్‌నామాలు, మహర్ రసీదులు, పంపకాల చీటీలు, మరణవార్త కత్తిరించి దాచిన పత్రికముక్కలు ఇంకా ఉన్నవి. ఉర్దూ, ఫార్సీ చదవగలిగిన పెద్దలు ఉండగానే వాటిని చదివించి, నకలు వ్రాయించి, తేదీలు సరిచూడాలి. మదర్సాలో ఫరాయిజ్ చదివిన యువకుడు, విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివిన యువతి ఒకే బల్ల వద్ద కూర్చోవలసిన పని ఇది. ఒకరికి లెక్క తెలుసు, మరొకరికి కాలం తెలుసు.

జెరూసలేంలో ఆరువందల ఏళ్ళనాటి స్త్రీ పేరు నేటికీ చదవగలుగుతున్నామంటే, ఆనాటి సాక్షులు ఆమె సొత్తును, ఆమె వారసులను లెక్కపెట్టటం తమ ధర్మమనుకున్నారు గనుక. ఈ తరం కుటుంబాలను గురించి రేపటివారికి ఏమి తెలుస్తుందన్నది, ఈ తరం తన కుమార్తెల, సోదరీమణుల వాటాలను ఎంత నిజాయితీగా లెక్కించి వ్రాస్తుందన్న దానిపై ఆధారపడి ఉన్నది.